గాల్వేలో ఇల్లు, గ్రీన్‌లాండ్‌లో మంచు

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు ఆరేళ్లుగా ఐర్లాండ్‌లోని గాల్వేలో ఉంటున్నారు. ఇప్పుడు అక్కడే ఇల్లు కొనడానికి అడ్వాన్సు కట్టబోతున్నారు. ఇంతలో మా మేనల్లుడు వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని ప్రవాహం 2025కే ఆగిపోవచ్చని శాస్త్రవేత్తలు తేల్చారట, ఐరోపా అంతా మంచుగడ్డ అయిపోతుందట. అది చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఇల్లు వద్దు, కాకినాడ వచ్చేయండి అంటే అబ్బాయి నవ్వుతున్నాడు. నేను ఇంటర్ వరకే చదివాను. ఇది నిజమేనా? వాళ్లను వచ్చేయమనడం తప్పా? వచ్చేస్తారేమోనని ఈ ఏడాది ఆవకాయ కూడా ఇంకా పంపలేదు.
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం:

అమ్మా,

ఆ వీడియో పచ్చి అబద్ధమైతే నా పని రెండు వాక్యాల్లో అయిపోయేది. అందులో ఒక నిజం ఉంది, దాని చుట్టూ బోలెడు చిలవలు పలవలు ఉన్నాయి. అందుకే మీ అబ్బాయి నవ్వి ఊరుకోవడం నాకు నచ్చలేదు, మీరు నిద్ర మానుకోవడమూ నచ్చలేదు. ఇంటర్ వరకే చదివానని రాశారు. ఈ సంగతి అర్థం కావడానికి ఆ చదువు చాలు. పైగా గోదావరి వరదను కళ్లారా చూసినవారికి సగం పాఠం ముందే తెలుసు.

మొదట పేర్ల గందరగోళం తీర్చేద్దాం. గల్ఫ్ స్ట్రీమ్ అనేది అమెరికా తూర్పు తీరం వెంట ఉత్తరానికి పరుగెత్తి, ఆ తర్వాత అట్లాంటిక్ నడిమధ్యకు మళ్లే వెచ్చని ప్రవాహం. దాన్ని ముఖ్యంగా గాలి తోస్తుంది, భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల అది పడమటి ఒడ్డుకు అదిమినట్టు ఉంటుంది. దీన్ని కాగితం మీదికి ఎక్కించినవారిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒకడు. ఆయన అప్పట్లో అమెరికా వలసల తపాలా వ్యవహారాలు చూసేవాడు. ఇంగ్లండ్ నుంచి ఉత్తరాలు తెచ్చే ఓడలు మామూలు వ్యాపార ఓడల కంటే ఎందుకు ఆలస్యమవుతున్నాయని ఆరా తీస్తే, తిమింగలాల వేటలో ఆరితేరిన బంధువు టిమొతీ ఫోల్జర్ గుట్టు విప్పాడు. తపాలా ఓడలు ప్రవాహానికి ఎదురీదుతున్నాయి, అంతే. 1769 ప్రాంతంలో ఆ ప్రవాహం పటం అచ్చయింది. గాలి వీస్తున్నంత కాలం, భూమి తిరుగుతున్నంత కాలం ఆ గల్ఫ్ స్ట్రీమ్ పూర్తిగా ఆగదు.

శాస్త్రవేత్తలు దిగులుపడుతున్నది ఇంకొక దాని గురించి. దాని పూర్తి పేరు అట్లాంటిక్ మెరిడియనల్ ఓవర్‌టర్నింగ్ సర్క్యులేషన్. పొడి అక్షరాలు కలిపి ‘ఏమాక్’ అంటారు, మనమూ అలాగే అందాం. గల్ఫ్ స్ట్రీమ్ నీటిలో ఒక వంతు ఈ పెద్ద చక్రంలో భాగంగా ఇంకా ఉత్తరానికి వెళుతుంది. వెచ్చని ఉప్పునీరు పైపైన ఉత్తరానికి పోతుంది. గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, నార్వేల దగ్గరి సముద్రాల్లో చల్లబడి, బరువెక్కి, మునిగిపోతుంది. మునిగిన నీరు రెండు మూడు కిలోమీటర్ల లోతున మళ్లీ దక్షిణానికి నడుస్తుంది. పైన ఒక నది, అడుగున తిరుగు ప్రయాణంలో ఇంకొక నది.

దాని పరిమాణం మీకు తెలిసిన లెక్కలో చెబుతాను. 1986 ఆగస్టు వరద గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. ఏమాక్‌లో నడిచే నీరు సుమారు 60 కోట్ల క్యూసెక్కులు. అంటే 1986 నాటి లాంటి వరదలు సుమారు నూట డెబ్బై, అన్నీ ఒకేసారి, ఏడాది పొడవునా, ఒక్క రోజు సెలవు లేకుండా. ఆ నీటితో పాటు ఉత్తరానికి చేరే వేడి మాటల్లో ఇమిడేది కాదు.

ఇంతటి యంత్రాన్ని నడిపేది ఏమిటంటే, ఉప్పు. ఉప్పు, చలి కలిస్తేనే నీరు మునిగేంత బరువెక్కుతుంది. ఇప్పుడు మీ ఊరి సంగతికి వద్దాం. వరద రోజుల్లో గోదావరి ఎర్రనీరు యానాం దగ్గర, భైరవపాలెం దగ్గర సముద్రంలోకి వస్తుంది కదా. అది వెంటనే కలిసిపోదు. తేలికైన మంచినీరు బరువైన ఉప్పునీటి మీద మీగడ కట్టినట్టు పరుచుకుంటుంది, కిలోమీటర్ల దూరం ఎరుపు గీత కనిపిస్తూనే ఉంటుంది. నేను చిన్నప్పుడు పడవలో ఆ గీత దాటుతూ చేయి నీళ్లలో పెట్టి నాలుకకు రాసుకునేవాడిని, ఎక్కడ ఉప్పు మొదలవుతుందో చూద్దామని.

గ్రీన్‌లాండ్ చుట్టూ జరుగుతున్నది ఇదే. భూతాపం వల్ల ఆ ద్వీపం మీది మంచు ఏటా సుమారు 27,000 కోట్ల టన్నుల చొప్పున తగ్గిపోతోంది. మన గోదావరి ఏడాది మొత్తంలో సముద్రానికి చేర్చే నీటికి ఇది రెండు రెట్ల పైమాటే. ఆ మంచినీరు, ఉత్తరాన పెరిగిన వానలు కలిసి సముద్రం మీద మీగడ కడుతున్నాయి. ఉప్పు పలచబడితే నీరు ఎంత చల్లబడినా సరిగా మునగదు. మునగకపోతే వెనక నుంచి వచ్చే వెచ్చని నీటికి చోటుండదు. వెచ్చని నీరు తగ్గితే దానితో వచ్చే ఉప్పూ తగ్గుతుంది, అప్పుడు మునగడం మరింత కష్టం. అప్పు మీద వడ్డీ, వడ్డీ మీద వడ్డీ లాంటి వ్యవహారం. ఈ చక్రానికి నడిచే స్థితి ఒకటి, నిలిచిపోయే స్థితి ఒకటి ఉండవచ్చని హెన్రీ స్టామెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1961లోనే చిన్న లెక్కతో చూపించాడు. ప్రపంచమంతా వేడెక్కుతుంటే గ్రీన్‌లాండ్‌కు దక్షిణాన ఒక్క ముక్క సముద్రం మాత్రం వందేళ్ల క్రితం కంటే చల్లగా ఉంది. ఏమాక్ నెమ్మదిస్తోందనడానికి అదొక గుర్తు అని చాలామంది భావిస్తారు.

మరి 2025 మాట ఎక్కడిది? కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ డిట్లెవ్‌సెన్, సుసాన్ డిట్లెవ్‌సెన్ 2023 జూలైలో ఒక అధ్యయనం ప్రచురించారు. 1870 నుంచి ఉన్న సముద్ర ఉష్ణోగ్రతల లెక్కలను పట్టుకుని, ఉద్గారాలు ఇలాగే సాగితే ఏమాక్ 2025కూ 2095కూ మధ్య ఎప్పుడైనా కూలవచ్చని, ఎక్కువ అవకాశం ఈ శతాబ్దం నడిమికని వారు అంచనా కట్టారు. రైలు సాయంత్రం నాలుగుకూ రాత్రి పదకొండుకూ మధ్య వస్తుందని స్టేషన్‌లో చెబితే, నాలుగయిందని సామాన్లు నెత్తిన పెట్టుకుని పరుగెత్తినట్టుంది మీ మేనల్లుడి వీడియో. ఆ అధ్యయనం పద్ధతి మీద కూడా తోటి శాస్త్రవేత్తలు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. నూట యాభై ఏళ్ల ఉపరితల ఉష్ణోగ్రతలను బట్టి లోపలి చక్రం జాతకం చెప్పడం కుదరదన్నది వారి వాదన.

ఇక తర్వాతి కథ. 2024 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వారు కంప్యూటర్ నమూనాలో ఏమాక్‌ను నిజంగానే కూలగొట్టి చూపించారు. అందులో ఐరోపాలోని కొన్ని నగరాలు 5 నుంచి 15 డిగ్రీల వరకు చల్లబడ్డాయి. వీడియోలో చూపించే భయంకరమైన పటాలు సాధారణంగా ఇక్కడివే. అయితే ఆ ప్రయోగంలో మంచినీటిని కొద్దికొద్దిగా పెంచుతూ 1,700 ఏళ్లకు పైగా పోశాకే చక్రం కూలింది. అది జరగగలదని చూపించడం వేరు, ఎప్పుడు జరుగుతుందో చెప్పడం వేరు. అదే ఏడాది అక్టోబరులో 44 మంది శాస్త్రవేత్తలు ఉత్తర ఐరోపాలోని నార్డిక్ దేశాల మంత్రుల మండలికి బహిరంగ లేఖ రాశారు, ఈ ముప్పును తక్కువ అంచనా వేస్తున్నారని. 2025 ఫిబ్రవరిలో బ్రిటన్ వాతావరణ శాఖ శాస్త్రవేత్తలు మరికొందరితో కలిసి 34 నమూనాలను పరిశీలించి, చక్రం బాగా బలహీనపడినా పూర్తిగా ఆగకపోవచ్చని రాశారు. అంటార్కిటికా చుట్టూ వీచే బలమైన గాలులు లోతు నీటిని పైకి లాగుతూ దాన్ని ఎంతో కొంత నడిపిస్తూనే ఉంటాయట.

ఇప్పటికే ఎంత తగ్గిందన్న దాని మీదా పేచీ ఉంది. ఇరవయ్యో శతాబ్దం మధ్య నుంచి 15 శాతం తగ్గిందని 2018లో ఒక బృందం అంది. గత అరవై ఏళ్లలో తగ్గుదల ఏమీ లేదని 2025 జనవరిలో మరొక బృందం అంది. అట్లాంటిక్‌కు అడ్డంగా పరికరాలు దించి నేరుగా కొలవడం మొదలైంది 2004లో. ఇంత పెద్ద రోగికి ఇరవై ఏళ్ల నాడి చాలదు. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని వాతావరణ మార్పుల నిపుణుల సంఘం ఐపీసీసీ 2021 నివేదికలో చెప్పినది ఇది: ఈ శతాబ్దంలో ఏమాక్ బలహీనపడే అవకాశం చాలా ఎక్కువ, 2100 లోపు ఒక్కసారిగా కూలకపోవచ్చు. రెండో మాట మీద వారికి ఉన్నది మధ్యస్థమైన నమ్మకమే. ఆ ‘మధ్యస్థం’ అన్న మాట నాకు కూలుతుందన్న మాట కంటే ఎక్కువ గుబులు పుట్టిస్తుంది. మన ఇంటి వంటగ్యాస్ సిలిండర్ పేలదని మధ్యస్థ నమ్మకంతో చెబితే మనం ఊరుకుంటామా?

ఇక గాల్వే. ఆ ఊరూ, కెనడాలోని లాబ్రడార్ ప్రాంతపు గూస్ బే అనే ఊరూ ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, రెండూ 53 డిగ్రీల ఉత్తరాన. జనవరిలో గాల్వే సగటు సున్నాకు పైన ఐదారు డిగ్రీలు. గూస్ బేలో సున్నాకు కింద పదిహేడు డిగ్రీల చుట్టుపక్కల. ఈ తేడా అంతా సముద్ర ప్రవాహం పుణ్యమేనని వీడియోలు చెబుతాయి. అంత సూటిగా లేదు. పడమటి గాలులు సముద్రం మీదుగా వచ్చి ఐర్లాండ్‌ను వెచ్చగా ఉంచుతాయి, అవే గాలులు లాబ్రడార్‌కు ఖండం లోపలి చలిని మోసుకొస్తాయి. కెనడా పశ్చిమ తీరంలోని వాంకూవర్ ఏ ఏమాక్ లేకుండానే హాయిగా ఉంది చూడండి. ఏమాక్ నిజంగా కుంగినా గాల్వే గూస్ బే అయిపోదు. శీతాకాలాలు ఇప్పటి కంటే కఠినంగా ఉండవచ్చు, గాలివానలు పెరగవచ్చు, వేసవులు పొడిబారవచ్చు. అదీ సంవత్సరాల్లో కాక దశాబ్దాల్లో, భూతాపం ఒక పక్క వేడి పెంచుతుండగా.

కాబట్టి ఇల్లు కొనాలా వద్దా అన్న నిర్ణయానికి ఏమాక్‌ను సాక్షిగా పిలవకండి. పిలవాల్సినవి వేరే ఉన్నాయి. 2025 జనవరి 24న ఇయోవిన్ తుపాను వచ్చినప్పుడు గాల్వే జిల్లాలోని మేస్ హెడ్ దగ్గర గంటకు 180 కిలోమీటర్లకు పైగా వేగంతో గాలి నమోదైంది. ఐర్లాండ్ చరిత్రలో అదే రికార్డు. ఆ రోజు కరెంటు ఎన్నాళ్లు లేదో, ఇంటి పైకప్పు ఎలా నిలబడిందో మీ అబ్బాయిని అడగండి, నవ్వకుండా చెబుతాడు. కొనబోయే ఇల్లు సముద్రానికి, కారిబ్ నదికి ఎంత దూరం? ఐర్లాండ్ ప్రభుత్వపు ఆఫీస్ ఆఫ్ పబ్లిక్ వర్క్స్ వరద పటాలు ఇంటర్నెట్‌లో ఉంచుతుంది. వాటిలో ఆ వీధి ఏ రంగులో ఉంది? వరదకు బీమా ఇస్తున్నారా, లేక మినహాయించారా? అక్కడ అమ్మే ప్రతి ఇంటికీ ఏ నుంచి జీ వరకు ఇంధన పొదుపు గ్రేడు ఉంటుంది. ఆ ఇంటిది ఏది? గోడలు, కిటికీలు వేడిని పట్టి ఉంచే ఇల్లయితే చలి పెరిగినా, ఇంధనం ధర పెరిగినా తట్టుకుంటుంది. ఈ ప్రశ్నలు అడిగితే అమ్మ వాట్సాప్ చూసి బెదిరిందనుకోడు, ఇల్లు కొనడం తెలిసిన మనిషి అనుకుంటాడు.

రెండో ప్రశ్న, కాకినాడ వచ్చేయమనడం. బిడ్డ దగ్గరుండాలన్న కోరిక తప్పెలా అవుతుంది? ఆ కోరికకు అట్లాంటిక్‌ను అడ్డం పెట్టుకోవడమే నాకు ఇబ్బందిగా ఉంది. ఎందుకంటే ఆ చక్రం కాకినాడను కూడా వదలదు.

ఏమాక్ భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న వేడిని ఉత్తరానికి మోస్తుంది. అది కుంగితే ఉత్తరార్ధగోళం చల్లబడి, దక్షిణార్ధగోళం వేడెక్కుతుంది. ఉష్ణమండలపు వానల పట్టీ ఎప్పుడూ వెచ్చని వైపుకు జరుగుతుంది, అంటే దక్షిణానికి. మన నైరుతి రుతుపవనాలు ఆ పట్టీకి కట్టిన కొంగు లాంటివి. ఇది ఊహ కాదు, అరేబియా సముద్రం అడుగున పేరుకున్న బురద పొరలు చదివితే తెలుస్తుంది. గత హిమయుగంలో ఉత్తర అట్లాంటిక్‌లోకి మంచుకొండలు కుప్పలుగా వచ్చిపడి ఆ చక్రం కుంగినప్పుడల్లా ఇక్కడ రుతుపవనాలు బలహీనపడ్డాయి. సుమారు 12,900 ఏళ్ల క్రితం మొదలై వెయ్యేళ్లకు పైగా సాగిన చలికాలంలో కూడా అంతే. ఐరోపావాళ్లు గజగజ వణికిన ఆ రోజుల్లో మన వైపు వానలు ముఖం చాటేశాయి. ఏమాక్ కూలితే గాల్వేలో మీ అబ్బాయి మరొక స్వెట్టర్ వేసుకుంటాడు, గోదావరి డెల్టాలో సార్వా నాట్లు వేసే రైతు ఏం చేస్తాడు?

మన సముద్రం కూడా ఊరికే కూర్చోలేదు. తీరం వెంట నడిచే ప్రవాహం మార్చి, ఏప్రిల్‌లో ఉత్తరానికి పోయి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి తిరుగుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ కలిసి బంగాళాఖాతం మీద వేసే మంచినీటి మూత వల్ల అడుగున ఉన్న పోషకాలు పైకి రావడం కష్టం. అందుకే అరేబియా సముద్రంతో పోలిస్తే మన సముద్రంలో చేపల మేత తక్కువ. పైనీరు వేడెక్కే కొద్దీ ఆ మూత మరింత బిగుసుకుంటుంది. కింది నీటికి ప్రాణవాయువు అందడమూ తగ్గుతుంది. 1960 నుంచి చూస్తే ప్రపంచ సముద్రాలన్నీ కలిసి తమ ప్రాణవాయువులో సుమారు రెండు శాతం పోగొట్టుకున్నాయి. పైగా వేడి నీరు తుపానులకు మేత. ఉప్పాడ తీరం కోత గురించి మీకు నేను చెప్పాలా?

మీరు అడగకపోయినా ఒక తిమింగలం కథ చెప్పి తీరాలి. ప్రవాహం మారితే ప్రాణులకు ఏమవుతుందో ఇంతకంటే బాగా చెప్పే కథ నాకు దొరకలేదు. ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలాలు ఒక్కొక్కటి ఏనుగుల మంద అంత బరువుంటాయి, తినేది మాత్రం బియ్యపు గింజంత రొయ్యలాంటి పురుగులను. వేసవిలో ఆ పురుగులు అమెరికా ఈశాన్య తీరంలోని గల్ఫ్ ఆఫ్ మెయిన్‌లో పుష్కలంగా ఉండేవి. 2010 ప్రాంతం నుంచి అక్కడి లోతుల్లోకి చల్లని ఉత్తరపు నీటికి బదులు వెచ్చని నీరు ఎక్కువగా రాసాగింది. పురుగులు పలచబడ్డాయి. తిమింగలాలు ఆకలితో వెతుక్కుంటూ ఇంకా ఉత్తరానికి, కెనడాలోని సెయింట్ లారెన్స్ సింధుశాఖకు వెళ్లాయి. పాత చోట ఓడల వేగానికి పరిమితులు, వలల మీద ఆంక్షలు ఉండేవి. కొత్త చోట వాటిని ఎవరూ ఊహించలేదు. 2017 ఒక్క ఏడాదిలోనే 17 తిమింగలాలు చనిపోయాయి. కొన్ని ఓడలు ఢీకొని, కొన్ని పీతల బోనుల తాళ్లలో చిక్కుకుని. ఆ జాతిలో ఇప్పుడు మిగిలినవి నాలుగు వందల లోపే. నీరు వాటిని చంపలేదు. దారి తప్పించింది, మిగతాది మనం చేశాం.

చేపలదీ ఇదే దారి. అట్లాంటిక్ మాకెరల్ 2007 తర్వాత ఐస్‌లాండ్ నీళ్లలోకి పెద్ద ఎత్తున రావడంతో, ఎవరెంత పట్టాలన్న దాని మీద ఐస్‌లాండ్, నార్వే, ఫారో దీవులు, ఐరోపా సమాఖ్య ఏళ్ల తరబడి కొట్లాడుకున్నాయి. ఐర్లాండ్ జాలర్లూ అందులో నలిగారు. ఈ మాకెరల్ మన కానాగుర్తకు దగ్గరి చుట్టం. మీకు సరదాగా ఉంటుందని చెబుతున్నాను, శాస్త్రవేత్తలు మన చేపకు పెట్టిన లాటిన్ పేరులో ‘కానాగుర్త’ అన్న తెలుగు మాట అలాగే ఉంది. విశాఖలో చేపలను సేకరించిన పాట్రిక్ రసెల్ 1803 నాటి తన పుస్తకంలో స్థానికుల పేర్లే రాసుకోవడం వల్ల వచ్చిన భాగ్యం అది.

అబ్బాయితో మళ్లీ మాట్లాడేటప్పుడు వీడియో ఊసెత్తకండి. దగ్గరుంటే బాగుండునని ఉందని ఆ మాటే చెప్పండి. వాడు రాలేనంటే వరద పటం, బీమా, ఇంధన గ్రేడు అడగండి. మీ మేనల్లుడికి మాత్రం 2095 అన్న అంకె గుర్తుచేయండి, అది వీడియోలో ఎందుకు లేదో అతన్నే కనుక్కోమనండి.

ఆవకాయ పంపించండి. జాడీ బరువు, పగిలితే తలనొప్పి. మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో నింపి, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో చుట్టండి. నెయ్యి సీసా మాత్రం దాని పక్కన దూర్చకండి, పాలతో చేసిన వాటిని అక్కడి కస్టమ్స్ వాళ్లు రానివ్వరు.